చెరువును కాచే నేల

ఉద్దేశం

చెరువు నీటి మంచిచెడ్డలు నీటిలో కాక, ఆ నీరు ప్రవహించి వచ్చే నేల మీద నిర్ణయమవుతాయని తెలియజేయడం. ఆ నేల వినియోగంపై విధించే కట్టుబాట్ల అవసరాన్ని, వాటి వల్ల కలిగే కష్టసుఖాలను హైదరాబాదు జంట జలాశయాల ఉదాహరణతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తటాక నిర్మాణాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా పరిగణించారు. కన్నకొడుకు, నిక్షేపించిన ధనం, కట్టించిన గుడి, నాటించిన వనం, దానమిచ్చిన అగ్రహారం, అంకితం పొందిన కృతి - వీటి సరసన తవ్వించిన చెరువును నిలిపారు. వానమీద ఆధారపడిన మెట్ట ప్రాంతాలకు చెరువే ప్రాణమని గుర్తించడమే ఈ గౌరవానికి కారణం. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నేటికీ పొలాలను తడుపుతున్నాయి.

అయితే చెరువు తవ్వించడం ఒక తరం చేసే పని. దాని నీటిని చెడకుండా కాపాడుకోవడం ప్రతి తరమూ చేయవలసిన పని. మొదటి పనికి శాసనాలు, కీర్తి, పుణ్యఫలం ఉన్నాయి. రెండో పనికి అవేవీ లేవు. దానికి కావలసింది కట్టుబాటు. నీటికి సంబంధించిన ఈ కట్టుబాటు ఆశ్చర్యకరంగా నీటి మీద కాక నేల మీద విధించవలసి వస్తుంది.

ఈ సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ అనంతరాజ సాగరమనే చెరువును నిర్మింపజేసి ఆ శాసనాన్ని వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండగూడని ఆరు దోషాలు అందులో చెప్పబడ్డాయి. జలశాస్త్రం ఎరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, దూరం నుంచి ప్రవహించి వచ్చే తీయని నీటి ఏరు, కట్టకు ఇరువైపులా ఆనుకొని నిలిచే కొండలు, రాయి దొరికే గని, పనితనం తెలిసిన కూలీలు - ఇవి ఆ అంగాలలో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ నేల మెట్టగా ఉండడం, నీరు కొద్దియై సాగునేల విస్తారం కావడం, నేల కొద్దియై నీరు ఎక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం - ఇవి ఆరు దోషాలు.

ఈ దోషాలలో రెండు ప్రత్యేకంగా ఆలోచింపదగినవి. నేల చవుడైతే నీరూ ఉప్పనవుతుందన్నది మొదటిది. అంటే నేల గుణమే నీటి గుణం. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండరాదన్నది రెండవది. నీటిని అనుభవించేవారు ఒకరు, నేల మీద అధికారం కలవారు మరొకరు అయినప్పుడు ఆ చెరువును కాపాడేవారు కరవవుతారు. సుమారు ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన ఈ రెండు మాటలూ ఈనాటి నగరాల తాగునీటి సమస్యకు సరిగ్గా సరిపోతాయి.

నీరు చెడేది ఎక్కడ?

చెరువు అనగానే కట్ట, తూము, అలుగు, వాటి వెనుక నిలిచిన నీరు మన కళ్ళ ముందు మెదులుతాయి. నిజానికి చెరువు అంతకంటే చాలా పెద్దది. ఏ నేల మీద కురిసిన వాన వాగులై, వంకలై ఆ చెరువులోకి చేరుతుందో ఆ నేలంతా చెరువులో భాగమే. దానిని పరీవాహక ప్రాంతం అంటారు. అది సాధారణంగా నీరు నిలిచే విస్తీర్ణానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చెరువు నుంచి చూస్తే కనిపించనంత దూరాన ఉన్న గుట్ట, పొలం, ఇంటి పెరడు, కర్మాగారపు ఆవరణ కూడా అందులో ఉండవచ్చు.

ఆ నేల మీద గడ్డి, పొదలు, చెట్లు ఉన్నప్పుడు వాననీరు నెమ్మదిగా కదులుతుంది. కొంత భూమిలోకి ఇంకుతుంది. మోసుకువచ్చిన మట్టిని దారిలోనే విడిచిపెడుతుంది. వేళ్ళు దానిలోని పోషకాలను పీల్చుకుంటాయి. చివరికి చెరువుకు చేరే నీరు చాలావరకు తేటగా ఉంటుంది. భూమిలో ఇంకిన నీరు వానలు ఆగిన తరువాత కూడా ఊటలుగా, వాగులుగా చెరువును నింపుతూనే ఉంటుంది.

అదే నేలను రోడ్లు, కప్పులు, సిమెంటు గచ్చులు ఆక్రమించినప్పుడు నీటికి ఇంకే చోటు ఉండదు. అది వేగం పుంజుకొని పరుగెత్తుతుంది. తొలకరి వానకు రోడ్ల మీది నూనెమరకలు, దుమ్ము, చెత్త, మురుగు అంతా కొట్టుకువచ్చి చెరువులో పడతాయి. వాన వెలిసిన మరునాటికి వాగు ఎండిపోతుంది. ఈ విధంగా చెరువుకు వచ్చే నీరు తగ్గుతుంది. వచ్చిన కొద్ది నీరూ మలినమవుతుంది.

మురుగు, ఎరువులు, సబ్బునీరు మోసుకువచ్చే పదార్థాలలో భాస్వరం, నత్రజని ముఖ్యమైనవి. భాస్వరం లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాములో అత్యల్ప భాగం ఉన్నా చాలు, నాచు విజృంభించడానికి. దానితోపాటు గుర్రపుడెక్క అల్లుకుంటుంది. పచ్చగా కనిపించే ఆ చెరువును చూసి కొందరు అందమనుకుంటారు. అది అందం కాదు, జబ్బు. నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. ఊపిరి అందక చేపలు తేలిపోతాయి. నీరు దుర్వాసన కొడుతుంది.

నీటిని శుద్ధి చేసే కేంద్రాలు ఉండగా ఇంత చింత దేనికని ప్రశ్న రావచ్చు. పటిక వేస్తే మట్టి పేరుకుంటుంది. ఇసుక వడపోత దానిని ఆపుతుంది. క్లోరిను క్రిములను చంపుతుంది. కాని కరిగిపోయిన నైట్రేటును ఈ మూడింటిలో ఏదీ తొలగించలేదు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అది మితిమీరితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. పరిశ్రమలు విడిచే భారలోహాలు, రసాయనాల సంగతి చెప్పనక్కరలేదు. వాటిని నీటినుంచి తీయడం ఎంత కష్టమో, నీటిలో కలవకుండా ఆపడం అంత సులభం. ఆపవలసిన చోటు మాత్రం నేల.

ఒకే నగరం - రెండు కథలు

ఈ సూత్రానికి నిదర్శనం వెదకుతూ దూరం పోనక్కరలేదు. హైదరాబాదు నగరమే రెండు రకాల ఉదాహరణలనూ చూపుతుంది.

హుస్సేన్ సాగరం 1562లో కుతుబ్‌షాహీ ప్రభువు ఇబ్రహీం కాలంలో నిర్మితమైంది. హైదరాబాదు నగరం వెలియడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే ఈ చెరువు ఉంది. ఒకప్పుడు ఇది నగరానికి తాగునీటిని కూడా అందించింది. కాలక్రమాన దాని పరీవాహక ప్రాంతంలో బస్తీలు పెరిగాయి. బాలానగర్, జీడిమెట్ల వంటి చోట్ల పారిశ్రామిక వాడలు వెలిశాయి. కూకట్‌పల్లి నాలా వాననీటికి బదులు మురుగును, పరిశ్రమల వ్యర్థాలను మోసుకురావడం మొదలుపెట్టింది. చెరువును ఎవరూ ధ్వంసం చేయలేదు. కట్ట తెగలేదు. నీరు ఇంకిపోలేదు. ఎగువన ఉన్న నేల చేతులు మారింది, అంతే. ఆ తరువాత మురుగును మళ్ళించడానికి, శుద్ధి చేయడానికి, పూడిక తీయడానికి ఎంతో ధనం వెచ్చించవలసి వచ్చింది. అయినా ఆ నీరు మళ్ళీ తాగునీరు కాలేదు.

రెండో కథ మూసీ నదిది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి మహోపద్రవం మళ్ళీ రాకుండా ఉపాయం చెప్పవలసిందిగా నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదను ఆపాలని ఆయన సూచించాడు. ఆ సూచన ఫలితంగా మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో మూసీ నది మీద 1920 నాటికి ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927 నాటికి హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పుట్టిన ఈ జలాశయాలు నగరానికి దాహం తీర్చే తల్లులయ్యాయి. ఉస్మాన్ సాగర్‌ను జనం గండిపేట చెరువు అని పిలుచుకున్నారు. గండిపేట నీరు రుచి చూసినవారు హైదరాబాదును విడిచి పోలేరనే నానుడి కూడా పుట్టింది. అక్కడి నుంచి నీరు యంత్రాల సాయం లేకుండా పల్లానికి పారుతూ నగరంలోని వడపోత కేంద్రానికి చేరడం దాని ప్రత్యేకత.

1990వ దశకం నాటికి నగరం ఈ జలాశయాల వైపు విస్తరించసాగింది. హుస్సేన్ సాగరానికి జరిగింది వీటికీ జరుగుతుందన్న భయం ఏర్పడింది. నిపుణుల సూచనల మీద 1994లో తాత్కాలిక ఆంక్షలు వచ్చాయి. 1996 మార్చి 8న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును వెలువరించింది. 'నూటపదకొండు జీవో' అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది.

ఆ ఉత్తర్వులోని ముఖ్యాంశాలు గమనింపదగినవి. జలాశయాల నిండు నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల పరిధిలో, కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు నిషేధించబడ్డాయి. పరీవాహక ప్రాంతంలో నూటికి తొంభై పాళ్ళు వ్యవసాయానికి, పండ్లతోటలకు, పూలతోటలకు, సంరక్షణకు కేటాయించబడింది. గ్రామాలలో కొత్తగా స్థలాలు విభజించినప్పుడు నూటికి అరవై పాళ్ళు ఖాళీ ప్రదేశంగా, రోడ్లుగా విడిచిపెట్టాలి. స్థలంలో సగానికి మించిన విస్తీర్ణంలో, అన్ని అంతస్తులూ కలిపినా, కట్టడం ఉండరాదు.

ఈ నిబంధనలలో నీరు అన్న మాట కంటే నేల, కట్టడం, ఖాళీ స్థలం అన్న మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. అయినా ప్రతి నిబంధన వెనుక నీటి గుణం ఉంది. ఖాళీ నేల మీద వాన ఇంకుతుంది. ఇళ్ళు పలచగా ఉంటే మురుగు తక్కువవుతుంది. పరిశ్రమ లేకపోతే రసాయనం రాదు. సాగునేల ఎరువులను కొంత మేరకు విడిచిపెట్టినా, గచ్చు చేసిన నేల కంటే వేయి రెట్లు నయం.

న్యాయస్థానం మాట

ఈ ఉత్తర్వుకు తొలి పరీక్ష త్వరలోనే ఎదురైంది. శంషాబాదు మండలంలోని పెద్దషాపూర్ గ్రామంలో, నిషేధిత పరిధిలో, ఒక నూనెల పరిశ్రమ స్థాపనకు పూనుకొన్నది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. పరిశ్రమకు మినహాయింపు ఇస్తూ ప్రభుత్వమే వేరొక ఉత్తర్వు ఇచ్చింది. తగు జాగ్రత్తలు తీసుకుంటే హాని లేదని పరిశ్రమ పక్షం వాదించింది. వివాదం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది.

1999 జనవరి 27న, 2000 డిసెంబరు 1న ఆ న్యాయస్థానం ఇచ్చిన తీర్పులు దేశమంతటా పర్యావరణ న్యాయానికి ఆధారమయ్యాయి. హాని జరుగుతుందని రుజువయ్యేదాకా వేచి ఉండకూడదని, హాని జరిగే అవకాశం ఉన్నప్పుడే ముందుజాగ్రత్త వహించాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. తన వల్ల కీడు కలగదని నిరూపించవలసిన బాధ్యత నేల స్వరూపాన్ని మార్చదలచినవాని మీదనే ఉంటుందని చెప్పింది. తాగునీటి జలాశయం విషయంలో ఒక్కరికి మినహాయింపు ఇచ్చినా అది అంగీకారయోగ్యం కాదని భావించి, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును కొట్టివేసింది.

ఈ తీర్పు సారాన్ని గ్రహించడం కష్టం కాదు. బావిలో పాము పడిందో లేదో తేలేదాకా నీరు తోడి తాగుతూ ఉండేవారు ఉండరు. ఒక్క కుటుంబం విషయంలో ఇంత సులభంగా తోచే వివేకం లక్షలాది ప్రజల విషయంలో చట్టం ద్వారా అమలు కావలసి వచ్చింది.

రెండో పక్షం

ఇంతవరకు చెప్పింది నీటిని తాగేవారి పక్షం. కట్టుబాటుకు రెండో పక్షం ఉంది. 84 గ్రామాలలో సుమారు లక్షా ముప్పైరెండు వేల ఎకరాల నేల ఈ ఉత్తర్వు పరిధిలోకి వచ్చింది. మొయినాబాదు, శంషాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి మొదలైన మండలాలలోని ఆ గ్రామాల రైతులు నేలను దున్నుకోవచ్చు; కాని దానిని కాలనీగా మార్చి విక్రయించరాదు. పరిధికి ఆవల ఉన్న గ్రామంలో ఎకరం ధర ఆకాశాన్ని అంటుతూ ఉండగా, పరిధిలోని రైతు భూమి వెల అందులో కొంత భాగానికే నిలిచింది. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో కొంత నేల అమ్మదలచిన కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. నగరం గండిపేట నీరు తాగింది. ఆ నీటిని తేటగా ఉంచిన రైతుకు నగరం కృతజ్ఞత కూడా చెప్పలేదు.

మరోవైపు అదే పరిధిలో విలాస గృహాలు, కల్యాణ మండపాలు, పెద్ద పెద్ద విద్యాలయాలు వెలిశాయన్న ఫిర్యాదులు ఏళ్ళ తరబడి వినిపించాయి. కట్టుబాటు పేదవాని విషయంలో గట్టిగా, కలవారి విషయంలో మెత్తగా ఉంటే దాని మీద గౌరవం నిలవదు. 'మాకు లేని వెసులుబాటు వారికి ఎలా వచ్చింది?' అన్న రైతు ప్రశ్నకు సమాధానం చెప్పలేని చట్టం, ఎంత మంచిదైనా, ఎక్కువకాలం నిలవడం కష్టం.

ఇంతలో నగరం నీటి దారులు మారాయి. 2004లో కృష్ణా జలాలు, 2015లో గోదావరి జలాలు హైదరాబాదుకు చేరాయి. నగర అవసరాలలో జంట జలాశయాల వాటా తగ్గింది. అటువంటప్పుడు ఆంక్షలు దేనికన్న వాదం బలపడింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా, జలాశయాల నీటి స్వచ్ఛతకు భంగం కలగరాదన్న షరతుతో, ఆంక్షలను సడలించింది. 2023 మే నెలలో 111వ ఉత్తర్వును పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించినట్లు ప్రకటించింది. గ్రామాలలో కొందరు సంతోషించారు. పర్యావరణ వేత్తలు ఆందోళన వెలిబుచ్చారు. వివాదం న్యాయస్థానాలకు ఎక్కింది.

దూరపు నది నుంచి నీరు వచ్చినంత మాత్రాన ఊరి చెరువు అనవసరమవుతుందా? కృష్ణా, గోదావరి జలాలు వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి, విద్యుత్తు ఖర్చుతో ఎత్తులు ఎక్కి వస్తాయి. కరవు ఏట నదే ఎండవచ్చు. ఒక్క గొట్టం పగిలినా నగరం దప్పిగొంటుంది. అదీగాక జంట జలాశయాలు నీటితొట్లు మాత్రమే కావు. వరదకు అడ్డుగోడలు కూడా. 2020 అక్టోబరులో కుండపోత వానలు కురిసినప్పుడు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. ఎగువ నేలంతా గచ్చుగా మారితే ఆ వరద మరింత వేగంగా, మరింత ఎక్కువగా వస్తుంది. 1908ని మరచిపోవడం నగరానికి క్షేమం కాదు.

అయితే రైతు ప్రశ్న అలాగే ఉంది. నీటి మేలు ఒకరిది, కట్టుబాటు బరువు మరొకరిది కావడమే ఇక్కడి చిక్కు. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన 'రెండు రాజ్యాల సరిహద్దు' దోషం ఇదే. రాజ్యాలు లేకపోవచ్చు, నగరం, గ్రామం అనే రెండు లోకాల నడుమ ఈ జలాశయాలు ఉన్నాయి.

ఈ చిక్కుకు పరిష్కారం వెదికిన నగరాలు లేకపోలేదు. అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చాలావరకు తాగునీరు దూరాన ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండప్రాంతాల జలాశయాల నుంచి వస్తుంది. బ్రహ్మాండమైన ఖర్చుతో వడపోత కేంద్రం కట్టడమా, ఎగువ నేలను కాపాడడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నగరం రెండోదానిని ఎన్నుకొన్నది. 1997 జనవరిలో ఎగువ గ్రామాలతో ఒప్పందం కుదిరింది. ఇష్టపూర్వకంగా అమ్మేవారి నుంచే నగరం భూమి కొంటుంది. వాగుల వెంట కంచెలు వేసుకోవడానికి, పశువుల పేడను నిల్వచేసే ఏర్పాట్లకు, పాడైన మరుగుదొడ్డి తొట్లను బాగుచేసుకోవడానికి నగరమే ధనసహాయం చేస్తుంది. అక్కడ కూడా వివాదాలు లేకపోలేదు. కాని నీరు తాగేవారు నేల కాచేవారికి ప్రతిఫలం ఇవ్వాలన్న సూత్రం స్థిరపడింది. కట్టుబాటుతోపాటు ప్రతిఫలం ఉన్నప్పుడే అది శిక్షగా కాక ఒడంబడికగా తోస్తుంది.

మన ఊరి చెరువు

పెద్ద జలాశయాలకు వర్తించే సూత్రమే చిన్న చెరువుకూ వర్తిస్తుంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం పేరే జల, భూమి, వృక్ష చట్టం. జనం దానిని 'వాల్టా' అంటారు. నీటిని, నేలను, చెట్టును ఒకే చట్టం కిందికి తేవడంలోనే వాటి సంబంధం తెలుస్తుంది. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు పది హెక్టార్లకు మించిన చెరువుల నిండు నీటిమట్టం హద్దు నుంచి ముప్పై మీటర్ల వరకు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల హద్దు నుంచి తొమ్మిది మీటర్ల వరకు ఏ కట్టడమూ ఉండరాదని నిర్దేశించాయి. 2024 జూలైలో హైదరాబాదులో 'హైడ్రా' సంస్థ ఏర్పడి చెరువుల ఆక్రమణలను తొలగించడం మొదలుపెట్టిన తరువాత 'ఎఫ్.టి.ఎల్.', 'బఫర్' అన్న మాటలు ఇంటింటా వినబడుతున్నాయి.

వీటిలో మొదటిది నిండు నీటిమట్టం. అలుగు పారే వేళకు నీరు ఎంత దూరం వ్యాపిస్తుందో ఆ హద్దు అది. వేసవిలో నీరు లోపలికి పోయినప్పుడు బయటపడే శిఖం భూమి కూడా చెరువు నేలే. దానిని ఖాళీ స్థలమని భ్రమించి ఇల్లు కట్టుకున్నవారు వానకాలంలో చెరువును నిందించడం తగదు. రెండోది ఆ హద్దుకు వెలుపల విడిచిపెట్టే రక్షణ పట్టీ. దాని మీద గడ్డి, చెట్లు ఉంటే మట్టిని, భాస్వరాన్ని అవి పట్టి ఉంచుతాయి. ఆ పట్టీని సిమెంటు నడకదారిగా మార్చితే హద్దు మిగులుతుంది, రక్షణ మిగలదు.

హద్దురాయి నాటడంతో పని ముగియదు. చెరువుకు నీరు తెచ్చే వాగులు, కాలువలు పూడిపోకుండా చూడాలి. ఎగువన ఉన్న ఇళ్ళ మురుగు వాటిలో కలవరాదు. పొలం గట్లు వాలుకు అడ్డంగా ఉంటే మట్టి కొట్టుకుపోదు. ఎరువు అవసరానికి మించి చల్లరాదు. చెత్త కుప్పకు చెరువు ఒడ్డు చోటు కారాదు. వీటిలో ప్రతిదీ గ్రామపంచాయతీ తీర్మానంతో, ఊరి సమ్మతితో జరగదగిన పనే. పూర్వం ఊరి చెరువుకు నీరటికాడు ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఏ పొలానికి ఎంత నీరు వదలాలో అతడు చూసేవాడు. ఇప్పుడు కావలసింది నీటికే కాక నేలకు కూడా కాపు.

చెరువు దగ్గర నిలబడి నీటిని చూసేవారు వెనుదిరిగి ఒకసారి ఎగువ నేలను కూడా చూడాలి. పదేళ్ళ తరువాత ఆ నీరు ఎలా ఉండబోతున్నదో ఈ రోజే ఆ నేల చెబుతుంది. చెరువు తవ్వించినవానికి పూర్వులు సంతానఫలం చెప్పారు. దాని నేలను కాచినవారికి ఆ ఫలంలో భాగం ఇవ్వడం మన తరం తీర్చవలసిన రుణం.

కఠిన పదాలకు అర్థాలు

తటాకం = చెరువు
నిక్షేపం = దాచిన ధనం
చవుడు = ఉప్పు నేల
అలుగు = చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే కట్టడం, మత్తడి
తూము = కట్ట కింది నుంచి నీరు వదిలే మార్గం
పరీవాహక ప్రాంతం = జలాశయంలోకి నీరు ప్రవహించి వచ్చే నేల
ఉపద్రవం = ఆపద
శిఖం భూమి = నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి నేల
ఒడంబడిక = ఒప్పందం
నీరటికాడు = చెరువు నీటిని పొలాలకు పంచే గ్రామసేవకుడు

సందర్భసహిత వ్యాఖ్యలు

1. అది అందం కాదు, జబ్బు.
2. ఎగువన ఉన్న నేల చేతులు మారింది, అంతే.
3. ఆ నీటిని తేటగా ఉంచిన రైతుకు నగరం కృతజ్ఞత కూడా చెప్పలేదు.
4. హద్దు మిగులుతుంది, రక్షణ మిగలదు.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన ఆరు దోషాలు ఏవి?
2. నేలను గచ్చు చేయడం వల్ల చెరువుకు కలిగే నష్టాలేవి?
3. పెద్దషాపూర్ పరిశ్రమ విషయంలో సర్వోన్నత న్యాయస్థానం చెప్పిన సూత్రాలను తెలపండి.
4. నిండు నీటిమట్టం, రక్షణ పట్టీ అంటే ఏమిటి?

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. హుస్సేన్ సాగరం, జంట జలాశయాల చరిత్రలను పోల్చి, నేల వినియోగానికి నీటి స్వచ్ఛతకు గల సంబంధాన్ని వివరించండి.
2. 111వ ఉత్తర్వు వల్ల నగరానికి కలిగిన మేలును, గ్రామాలకు కలిగిన కష్టాన్ని చర్చించి, న్యాయమైన పరిష్కారం ఎలా ఉండాలో మీ అభిప్రాయం రాయండి.

భాషాంశాలు

సంధులు
జలాశయం = జల + ఆశయం - సవర్ణదీర్ఘ సంధి
మహోపద్రవం = మహా + ఉపద్రవం - గుణసంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత - గుణసంధి
అత్యల్ప = అతి + అల్ప - యణాదేశ సంధి
నేలంతా = నేల + అంతా - అత్వసంధి

సమాసాలు
సప్తసంతానాలు - ఏడు సంఖ్య గల సంతానాలు - ద్విగు సమాసం
కష్టసుఖాలు - కష్టమును, సుఖమును - ద్వంద్వ సమాసం
నీటిమట్టం - నీటి యొక్క మట్టం - షష్ఠీ తత్పురుష సమాసం
మూసీ నది - మూసీ అనే పేరుగల నది - సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం

చేయదగిన పని

మీ ఊరి చెరువుకు నీరు ఏయే దారుల నుంచి వస్తున్నదో పెద్దలను అడిగి తెలుసుకొని, ఆ దారుల వెంట నేలను ఇప్పుడు దేనికి వాడుతున్నారో చూపుతూ ఒక పటం గీయండి. చెరువు నీటికి మేలు చేసేవాటిని, కీడు చేసేవాటిని వేరువేరు గుర్తులతో చూపండి.